బోటు ఇంజన్‌లో కూలెంట్ ఎక్కడికి పోతున్నది?

సంపాదకులకు నమస్కారం.

లక్నవరం, రామప్ప, పాఖాల వంటి కాకతీయుల నాటి చెరువుల్లోను, కరీంనగర్ దిగువ మానేరు జలాశయంలోను జరిగే పడవ విహారం గురించి జిల్లా పేజీల్లో తరచుగా వార్తలు చదువుతుంటాము. ఆ వార్తల్లో లైఫ్ జాకెట్ల ప్రస్తావన ఉంటుంది, టికెట్ ధర ఉంటుంది, ఎంతమందిని ఎక్కించుకోవచ్చునన్న లెక్క ఉంటుంది. అంతమందిని మోసుకొని పోయే ఇంజన్ గురించి మాత్రం ఒక్క వాక్యం కనిపించదు. చాలా ఏళ్లు డీజిల్ మెకానిక్ ట్రేడ్ బోధించి విరమించినవాడిని, నా దగ్గర చదువుకొని ఇప్పుడు బోట్ల పని చూస్తున్న పిల్లలు అడిగినప్పుడు వెళ్లి చూసి వచ్చేవాడిని కనుక, ఆ లోటును కొంతైనా పూడ్చేందుకు ఒకే ఒక్క లోపాన్ని తీసుకొని ఈ లేఖ రాస్తున్నాను. బోటు లోపల బిగించిన డీజిల్ ఇంజన్‌లో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, రోజురోజుకూ తగ్గిపోవడం, అది ఎక్కడికి పోతున్నదో కనుక్కోవడం నా విషయం.

వెనక తగిలించే చిన్న ఔట్‌బోర్డ్ మోటారుకు ఈ బాధ లేదు. అది చెరువు నీటినే పీల్చి, ఆ నీటితోనే చల్లబడి, ఆ నీటినే తిరిగి వదిలేస్తుంది. ఎక్కువ మందిని తీసుకుపోయే పెద్ద బోట్లలో లోపల బిగించే ఇంజన్ల తీరు వేరు. వాటిలో చాలావరకు లారీకో జనరేటర్‌కో తయారైన ఇంజన్‌నే నీటి మీద పనికి అనువుగా మార్చినవే. వీటిలో రెండు నీటి దారులు ఉంటాయి. ఒకటి సిలిండర్లు ఉండే ఇంజన్ బ్లాకులోను, దాని మీద బిగించే హెడ్డులోను తిరిగే కూలెంట్ దారి. ఇది మూసి ఉన్న దారి, లోపలిది లోపలే తిరగాలి. రెండవది చెరువు నీటి దారి. అడుగున ఉన్న వాల్వు గుండా లోపలికి వచ్చి, జాలీలో వడపోతకు గురై, ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఉన్న పంపు తోసినకొద్దీ హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే గొట్టాల పెట్టెలోకి వెళ్లి, అక్కడ కూలెంట్ వేడిని తీసుకొని, చాలా బోట్లలో పొగ గొట్టంలో కలిసి బయటపడుతుంది. లారీలో రేడియేటర్‌కు గాలి చేసే పనిని ఇక్కడ చెరువు నీరు చేస్తుందన్నమాట. కొన్ని బోట్లలో చెరువు నీటిని లోపలికి తీసుకోకుండా, కూలెంట్ గొట్టాలనే పడవ అడుగున బయటికి పరచి నీటిలో చల్లబరుస్తారు. ఏ పద్ధతి ఉన్నదో తెలుసుకోకుండా లోపం వెతకడం మొదలుపెట్టకూడదు.

ఇక మన దగ్గర జరుగుతున్నది ఏమిటంటే, పొద్దున బోటు తీసేముందు డ్రైవరు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూస్తాడు, తగ్గి ఉంటే ఒక సీసాడు నీళ్లు పోస్తాడు, మూత బిగిస్తాడు. ఆ నీళ్లు ఒక్కోచోట బోరువి, ఒక్కోచోట పక్కనే ఉన్న చెరువువి. ఇది చూసి డ్రైవరును తప్పుపట్టలేను. బోటు నిలిచిపోతే ఆ రోజు ట్రిప్పులు పోతాయి, ట్రిప్పులు పోతే మాట పడేది అతడే. అయితే ఇలా నింపడం వల్ల రెండు నష్టాలు ఉన్నాయి. మొదటిది, లోపం ఎంత వేగంగా పెరుగుతున్నదో ఎవరికీ తెలియకుండా పోతుంది. రెండవది, మన ప్రాంతపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి, ఆ సున్నం ఇంజన్ లోపల పొరకట్టి, లీకు లేని చోట్ల కూడా వేడి దిగకుండా చేస్తుంది. మంచు గడ్డకట్టే చలి మనకు లేదు గదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలవా అని అడిగేవారు చాలామంది ఉన్నారు. కూలెంట్ ద్రావణం గడ్డకట్టకుండా ఆపడమే గాక, లోహానికి తుప్పు పట్టకుండా కాపాడుతుంది, మరిగే ఉష్ణోగ్రతను కూడా పెంచుతుంది. సగం కూలెంట్, సగం ఖనిజాలు తీసిన నీరు కలపడం సాధారణంగా అనుసరించే పద్ధతి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

వెతకడం మొదలుపెట్టేముందు, నిజంగానే తగ్గుతున్నదా అన్నది తేల్చుకోవాలి. ట్యాంకును గొంతువరకూ నింపితే, వేడికి వ్యాకోచించిన కూలెంట్ పొంగి బయటికి పోయి, ఒక మట్టానికి వచ్చి ఆగిపోతుంది. మర్నాడు తగ్గిందని మళ్లీ గొంతువరకూ నింపితే అది మళ్లీ పోతుంది. ఇది లోపమే కాదు. అందుచేత పూర్తిగా చల్లారిన ఇంజన్‌లో, ప్రతిరోజూ ఒకే సమయానికి, పడవ కదలకుండా ఉన్నప్పుడు, ట్యాంకు మీద గీత గీసి మట్టం చూసి నోటు పుస్తకంలో రాయాలి. ఎంత పోశారో కూడా కొలిచి రాయాలి. అలాగే కూలెంట్ మొత్తం మార్చిన కొత్తలో మట్టం ఒకటి రెండుసార్లు పడిపోతే కంగారుపడనక్కరలేదు. బోటులో ఇంజన్‌ను కొంత వాలుగా బిగిస్తారు కాబట్టి పై మూలల్లో గాలి చిక్కుకుంటుంది, అది బయటికి వచ్చినకొద్దీ మట్టం దిగుతుంది.

నోటు పుస్తకం నిజంగానే నష్టం ఉన్నదని చెప్పినప్పుడు, మొదట కంటికి కనిపించేవి చూడాలి. వేడి ఇంజన్ మీద పడిన చుక్క నేలకు చేరదు, అక్కడే ఆవిరై, పచ్చటి లేదా తెల్లటి పొడిమచ్చను వదులుతుంది. కాబట్టి తడి కోసం వెతకడం కంటే మచ్చ కోసం వెతకడం మేలు. హోస్ పైపుల చివర్లు, క్లిప్పుల కింద, వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ పెట్టె జాయింటు, కూలెంట్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడాలి. పంపు సీలు పాడైతే ఆ రంధ్రం నుంచే చుక్క వస్తుంది. దాన్ని లీకు అనుకొని ఎంసీల్‌తో మూసేసినవారిని చూశాను, అలా మూస్తే నీరు బేరింగులోకి పోయి పంపు మొత్తం పోతుంది. కొన్ని హోస్ పైపులు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కారి, వేడెక్కి బిగుసుకున్నాక ఆగిపోతాయి. అవి పగలు పట్టుబడవు. రాత్రి పడవ అడుగు గుంటను తుడిచి ఆరబెట్టి, ఇంజన్ కింద తెల్ల అట్టముక్క పరిచి, పొద్దున్నే చూస్తే రంగు చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది.

మూతను చాలామంది పట్టించుకోరు. అది మామూలు మూత కాదు, లోపల స్ప్రింగుతో ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు. ఒక బార్, అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత, అదనపు ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు గాక దాదాపు 120 డిగ్రీలకు మరుగుతుంది. స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు వాషరు పగిలినా ఆ ఒత్తిడి నిలవదు, కూలెంట్ ముందే మరిగి పొంగిపోతుంది. ఇంజన్‌లో ఎక్కడా లీకు లేకుండానే కూలెంట్ తగ్గడానికి ఇదొక కారణం. కొత్త మూత ఖరీదు అన్నింటికంటే తక్కువ కనుక ముందు దాన్ని పరీక్షించాలి. అయితే దాని మీద రాసి ఉన్న ఒత్తిడి అంకె పాతదాని మీద ఉన్న అంకెతో సరిపోవాలి. ఎక్కువ ఉన్నది వేస్తే పాత హోస్ పైపు పగులుతుంది. వేడి మీద ఆ మూతను విప్పకూడదన్నది అందరికీ తెలిసినదే అయినా, ముఖం కాల్చుకున్నవాళ్లు మన షెడ్లలో ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

లీకు లేకుండా పొంగిపోవడానికి రెండవ కారణం చెరువు నీరు సరిగ్గా అందకపోవడం. వేసవిలో మట్టం పడిపోయినప్పుడు పంపు బురదను లాగుతుంది. గుర్రపుడెక్క వేళ్లు, నాచు జాలీకి చుట్టుకుంటాయి. బతుకమ్మ పండుగ తరువాత కొన్ని రోజులపాటు గునుగు, తంగేడు పూలు నీటిలో నాని, చీకి, చిన్న ముక్కలుగా జాలీకి పట్టేస్తాయి. పండుగ మనది, పూలు మన అక్కాచెల్లెళ్లవి, జాలీ శుభ్రం చేసే బాధ్యత మాత్రం బోటువాళ్లది. జాలీ తరువాత చూడవలసింది రబ్బరు ఇంపెల్లర్. దాని రెక్క ఒకటి తెగితే, ఆ ముక్క హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మొదట్లో చిక్కుకొని ఉంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకోకుండా ఆ ముక్కను వెతికి తీసేవరకు పని పూర్తి అయినట్టు కాదు. పొగ గొట్టం నుంచి పడే నీటి ధార సన్నబడటం దీనికి మొదటి సూచన.

ఇప్పుడు అసలు కష్టమైన సందర్భానికి వస్తాను. బయట ఎక్కడా మచ్చ లేదు, మూత బాగుంది, జాలీ శుభ్రంగా ఉంది, పడవ అడుగు గుంట పొడిగా ఉంది, అయినా కూలెంట్ తగ్గుతున్నది. లారీ మీద పని నేర్చుకున్న మెకానిక్ వెంటనే బ్లాకుకు, హెడ్డుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందంటాడు, ఎందుకంటే లారీలో లోపల్లోపల కూలెంట్ పోయే దారి చాలావరకు అదే. బోటులో అంతకంటే ముందు అనుమానించవలసింది హీట్ ఎక్స్‌ఛేంజర్. దానిలో సన్నటి గొట్టాలు అనేకం ఉంటాయి. వాటి లోపల చెరువు నీరు, చుట్టూ కూలెంట్. ఏ ఒక్క గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడినా, లేదా చివర్లలో ఉండే రబ్బరు రింగు గట్టిపడి పగిలినా, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉన్న కూలెంట్, ఒత్తిడి తక్కువగా ఉన్న చెరువు నీటిలోకి తోసుకొనిపోతుంది. అక్కడినుంచి పొగ గొట్టం గుండా చెరువులో కలుస్తుంది. ఒక్క చుక్క కూడా పడవలో పడదు. హెడ్డు విప్పి, గ్యాస్కెట్ మార్చి, లేత్ షాపులో హెడ్డు చదును చేయించి, డబ్బూ వారమూ ఖర్చుపెట్టిన తరువాత కూడా మట్టం అలాగే దిగుతుంటే, మెకానిక్ తల పట్టుకుంటాడు.

దీనిలో మరొక మెలిక ఉంది. ఇంజన్ ఆగి చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది. ఆ శూన్యం, పొంగిన కూలెంట్ చేరే పక్క సీసా ఉంటే దానిలోని కూలెంట్‌ను వెనక్కి లాగవలసి ఉండగా, రంధ్రం పడిన గొట్టం నుంచి కొంత చెరువు నీటిని కూడా లాగగలదు. అప్పుడు మట్టం అంతగా పడిపోదు, కానీ కూలెంట్ క్రమంగా పలుచబడుతుంది, రంగు వెలుస్తుంది. సముద్రం మీద తిరిగే బోట్లలో దీన్ని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే కూలెంట్‌లో ఉప్పు కనిపిస్తుంది. మన చెరువులది మంచినీరు కనుక ఆ ఉపాయం ఇక్కడ పనిచేయదు. బోటు ఇంజన్ల మరమ్మతు గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఉప్పునీటిని దృష్టిలో పెట్టుకొని చెప్పినవే కాబట్టి, మనవాళ్లు వాటిని ఇక్కడికి తగినట్టు మార్చుకోక తప్పదు. మనకు పనికివచ్చేది రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం. గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పట్టి చూస్తే కూలెంట్ పాలు ఎంతో తెలుస్తుంది. సగానికి సగం కలిపినది, ఎవరూ నీళ్లు పోయకుండానే వారాల తరబడి పలుచబడుతున్నదంటే, చెరువు లోపలికి వస్తున్నదని అర్థం.

నిర్ధారణ చేసుకోవడానికి ప్రెషర్ టెస్టర్ కావాలి. సైకిలు పంపులాగా చేత్తో కొట్టేది, ముల్లు ఉండేది, మూత స్థానంలో బిగించేది. లారీ రేడియేటర్ల పని చేసే షాపుల్లో ఇది ఉంటుంది, వరంగల్ ఆటోనగర్‌లో అడిగితే వాడటం కూడా చూపిస్తారు. ఇంజన్ చల్లారాక, పడవ అడుగు వాల్వు మూసి, హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు చెరువు నీరు వచ్చే హోసును, పోయే హోసును విప్పి, లోపల ఉన్న నీటిని పూర్తిగా కారనివ్వాలి. తరువాత కూలెంట్ వైపు, మూత మీద రాసిన ఒత్తిడి వరకే, అంతకు మించకుండా పంపు కొట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. ముల్లు దిగిపోతూ, చెరువు నీటి వైపు నోటి నుంచి రంగు చుక్క కారితే ఇక వాదన అక్కరలేదు. ముల్లు దిగుతున్నా అక్కడ ఏమీ రాకపోతే, అప్పుడు ఇంజన్ లోపలికి వెళ్లాలి. గొట్టాల కట్టను బయటికి తీసి, ఏ గొట్టానికి రంధ్రం పడిందో చూసి, ఒకటి రెండైతే రెండు చివర్లూ మూసి తాత్కాలికంగా నడపవచ్చు. అంతకంటే ఎక్కువైతే కట్ట మార్చడమే సరైనది. అడుగున గొట్టాలు పరిచిన బోట్లయితే, గట్టుకు లాగి ఇదే పరీక్షను బయటి గొట్టాలకు చేయాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. దారిలో రేడియేటర్ కారితే పసుపు వేసి గమ్యం చేరడం మన లారీ డ్రైవర్లకు తరతరాలుగా తెలిసిన ఉపాయం. రోడ్డు మీద దానికి ఉండే విలువను నేను తక్కువ చేయను. బోటు హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో కూలెంట్ తిరిగే సందులు ఇరుకు కాబట్టి, పసుపు గాని, డబ్బాల్లో అమ్మే లీకు మందు గాని వేస్తే, అది రంధ్రాన్ని ఎంత మూస్తుందో సందులనూ అంత మూస్తుంది.

ఒత్తిడి హీట్ ఎక్స్‌ఛేంజర్ గుండా పోవడం లేదని తేలినప్పుడు, ఇంజన్ ఆయిల్ చూడాలి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి ఉండటం, ఆయిల్ మజ్జిగ రంగులోకి తిరగడం నీరు కలిసిందనడానికి గుర్తులు. ఆయిల్ పోసే మూత లోపలి వైపు కొద్దిపాటి తెల్ల నురగ చూసి మాత్రం హడావుడి పడకూడదు. కొద్దిసేపే నడిచే ఇంజన్లలో ఆవిరి చేరి అలా కనిపిస్తుంది. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ చేరే పాత్ర, ప్లగ్గును కొద్దిగా వదులు చేస్తే, ఆయిల్ కంటే బరువైన నీరు అడుగున ఉంటుంది కాబట్టి అదే ముందు కారుతుంది. సిలిండర్ లోపలి తొడుగులైన లైనర్ల కింది రబ్బరు రింగులు పోయినా, కూలెంట్‌లో తుప్పు ఆపే మందు లేక లైనర్ గోడకు తూట్లు పడినా ఇలా అవుతుంది. గేర్ బాక్సు ఆయిల్ మజ్జిగలాగా మారితే అది వేరే సంగతి. చాలా బోట్లలో గేర్ ఆయిల్‌ను చల్లబరిచేది చెరువు నీరే కనుక అక్కడ కలిసింది కూలెంట్ కాకపోవచ్చు.

హెడ్ గ్యాస్కెట్‌ను చివరికి ఉంచాను, చివరికే రావాలి కూడా. చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్టు చేస్తే, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తూనే ఉండటం, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోసు రాయిలా గట్టిపడటం, లోడు పెంచినకొద్దీ కూలెంట్ వేగంగా పోవడం దీని లక్షణాలు. ట్యాంకు నోటి దగ్గర గాలిని పీల్చి నీలి రంగు ద్రవం గుండా పంపే పరీక్ష ఒకటి ఉంది. సిలిండర్‌లోని పొగ కలిసి ఉంటే నీలం ఆకుపచ్చ లేదా పసుపు రంగుకు మారుతుంది. పొగ తెల్లగా వస్తున్నదన్న ఒక్క ఆధారంతో మాత్రం తీర్పు చెప్పరాదు. బోటు పొగ గొట్టంలో నీరు కలుస్తుంది కాబట్టి, చలికాలం పొద్దున ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా తెల్లటి ఆవిరి వదులుతుంది. రాత్రి సిలిండర్‌లోకి కూలెంట్ దిగిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టకూడదు. నీరు నలగదు, పిస్టన్‌కు తగిలి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడటమే మార్గం.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. రోడ్డు మీద ఇంజన్ వేడెక్కితే లారీని పక్కకు తీసి ఆపవచ్చు. లక్నవరం ద్వీపాల మధ్యనో, మానేరు జలాశయం నడుమనో ఆగిన బోటు గాలి ఎటు తోస్తే అటు పోతుంది, లోపల పిల్లలు ఉంటారు, ఇంజన్ గదిలో ఆవిరి ఉంటుంది. పోయిన కూలెంట్ సంగతి కూడా చూడాలి. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పడవ అడుగు గుంటలో చేరిన దానిని పంపు పెట్టి చెరువులోకి వదిలే అలవాటు మానాలి. గట్టు మీద పశువులు తాగే నీరు అది, మత్స్యకార సంఘాలు చేపలు పెంచే నీరు అది, ఆయకట్టుకు పారే నీరు అది. గుడ్డతో పీల్చి, డబ్బాలో పట్టి, గట్టుకు చేర్చాలి.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం యంత్రపు పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలని చెబుతున్నది. ఆ సర్వే చేసేవారు రెండు సర్వేల మధ్య రోజూ బోటు దగ్గర ఉండరు. రోజూ ఉండేది డ్రైవరు, అప్పుడప్పుడు వచ్చేది మెకానిక్. అందుకే పర్యాటక అధికారులను మీ పత్రిక ద్వారా కొన్ని పనులు కోరుతున్నాను. ప్రతి బోటులో కూలెంట్ మట్టం, పోసిన పరిమాణం రాసే పుస్తకం ఉంచాలి. పుస్తకం రాసినందుకు, లోపం చెప్పి బోటు ఆపినందుకు డ్రైవరుకు కూలి కోత పడకూడదన్న షరతు నిర్వహణ ఒప్పందంలో చేర్చాలి. ఒక్కో జెట్టీకి ఒక ప్రెషర్ టెస్టర్, ఒక రిఫ్రాక్టోమీటర్ చాలు, అవి అందుబాటు ధరల్లో దొరికేవే. వరంగల్, కరీంనగర్ ఐటీఐలలో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను సీజనుకు ముందు జెట్టీలకు తీసుకువచ్చి, హీట్ ఎక్స్‌ఛేంజర్ విప్పి చూపించాలి. లారీ ఇంజన్ మీద మాత్రమే నేర్చుకున్న పిల్లవాడికి ఈ ఒక్క పెట్టె చూపించకపోతే హెడ్డు విప్పడమే తెలుసు. మేడారం జాతర జరిగే సంవత్సరం ములుగు జిల్లాకు వచ్చిన జనం లక్నవరానికి, రామప్పకు కూడా మళ్లుతారు కాబట్టి, ఆ రద్దీ మొదలయ్యేలోపు ప్రతి బోటుకూ ఈ పరీక్ష చేయించి, చేసిన తేదీని, ఒత్తిడి ఎంతసేపు నిలిచిందన్న వివరాన్ని టికెట్ కౌంటర్ దగ్గర అంటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డీజిల్ మెకానిక్ బోధకుడు,
హనుమకొండ